పిలిస్తే పలకని వదిన

మొన్న శనివారం దవాఖాన నుంచి రాగానే మా అబ్బాయి ఒక చెప్పు గుమ్మం ఇవతల, ఒక చెప్పు అవతల విడిచి కుర్చీలో కూలబడ్డాడు. మా మనవరాలి గురించి ఏడాదిగా బడి నుంచి ఒకటే ఫిర్యాదులు. పెన్సిళ్లు పారేసుకుంటుందని, టీచరు పాఠం చెబుతుంటే కిటికీలోంచి చూస్తుందని, బెంచీ మీద కుదురుగా కూర్చోదని. చివరికి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఆవిడ పిల్లతో చాలాసేపు మాట్లాడి, ఆడించి, ఏడీహెచ్‌డీ అని చెప్పిందట. మావాడికి అదే మింగుడు పడలేదు. "ఏందమ్మా, దీనికి ధ్యాస నిలువదట! పొద్దుగాల కూసుంటె పగటీలి బువ్వకు గూడ లేవకుండ రంగు కాయితాలు కత్తిరిస్తది. ఇల్లు కూలినా సోయి ఉండది. గంత ధ్యాస ఉన్న పిల్లకు ధ్యాస లేదంటె ఎవడన్న నమ్ముతడా? చదువంటె మనసు లేదు, గంతే. రేపటి సంది ఆ కాయితాలు, కత్తెర బీరువాల వెట్టి తాళమేస్త" అన్నాడు. కోడలు మెల్లగా అందుకుంది. "అది గూడ అండ్లదేనని డాక్టరమ్మ చెప్పింది గద. ధ్యాస లేక కాదట. దాన్ని యాడ వెట్టాల్నో, యాడికెల్లి తియ్యాల్నో పిల్ల చేతుల ఉండదట. మనసుకు నచ్చినదాంట్ల పడ్డదంటె బయటికి వచ్చుడు కష్టమట." మావాడు వినిపించుకోలేదు. ఆ పిల్ల ఏమో ముందుగదిలో మా పాత షత్రంజీ మీద బోర్లా పడుకుని, నాలుక కొస బయటపెట్టి, నీలం కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరిస్తోంది. తండ్రి పేరు పెట్టి పిలిచాడు. ఇంకా గట్టిగా పిలిచాడు. పక్కింటాయన గోడ మీంచి "ఏమైంది సార్" అని పలికాడు గానీ అది పలకలేదు.

"సూసినవా, పిలిస్తె పలుకది!" అన్నాడు మావాడు నా వైపు తిరిగి. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ మాట నేను కాపురానికి వచ్చిన మొదటి రోజు విన్నాను. విన్నది కూడా, ఇప్పుడు ఆ పిల్ల పడుకుని ఉన్న షత్రంజీని నేసిన మనిషి గురించే. ఆమె మా ఆయనకు సొంత అక్క. నాకు వదిన.

అది డెబ్బైల నడుమ. మా పుట్టిల్లు మడికొండ. నాన్న మిల్లులో పనిచేసేవాడు, సైకిలు మీద వరంగల్ పోయివచ్చేవాడు. కులానికి నేతగాళ్లమే గానీ మా ఇంట్లో మగ్గం లేదు. అందుకని వరంగల్లో ఆ గల్లీలోకి అడుగుపెట్టినప్పుడు నా చెవులు గింగురుమన్నాయి. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. ఆ చప్పుడులో మనుషులు ఎలా మాట్లాడుకుంటారా అనుకున్నాను. మాట్లాడుకోరు, అరుచుకుంటారు అని మూడు పూటల్లో తెలిసిపోయింది. మా ఇంట్లో రెండు మగ్గాలు, రెండూ షత్రంజీలవే. నేల మీద పరుచుకునే ఆ దళసరి నూలు తివాచీలంటే వరంగల్‌కు పేరు కదా. ఇంటి వెనక పెంకుటి కొట్టంలో గుంట తవ్వి మగ్గం దింపారు. నేసేవాళ్లు ఆ గుంటలోకి కాళ్లు జారవిడిచి నేల మట్టానికి కూర్చుంటారు. అత్తమ్మ నన్ను ఇల్లంతా తిప్పి చూపిస్తూ కొట్టం గడప దగ్గర ఆగింది. లోపల ఒక మనిషి వీపు కనిపించింది. జడ సగం అల్లి వదిలేసి ఉంది. "గదే నీ ఆడిబిడ్డ. పిలిస్తె పలుకది. నువ్వేం పట్టించుకోకు బిడ్డ" అంది అత్తమ్మ. ఆ అనడంలో కోపం లేదు, అలసట ఉంది.

నేను కొత్త కోడల్ని, మర్యాద కొద్దీ మరునాడు చాయ్ పట్టుకుపోయాను. "వదినె, చాయ్" అన్నాను. ఊఁ అంది. పక్కన పెట్టి వచ్చాను. కాసేపటికి వెళ్లి చూస్తే చాయ్ మీద మీగడ కట్టి ఉంది. "చల్లగైంది వదినె, మళ్ల కాగవెట్టాల్నా" అన్నాను. ఊఁ అంది. మళ్లీ కాచి తెచ్చాను. అదీ అంతే. పగటి బువ్వ వేళకు తనే లేచి వంటింట్లోకి వచ్చి, అందరి ముందూ నడుము మీద చేతులు పెట్టుకుని, "కొత్త కోడలు వచ్చిందంటిరి, పొద్దటి సంది ఒక్క గుక్కెడు చాయ్ ఇచ్చిన పాపాన పోలే!" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మామ మాత్రం కంచంలోకి చూస్తూ నవ్వుకున్నాడు. ఇలాంటి ఊఁలు నేను తర్వాత చాలా విన్నాను. ఊఁ అంటే విన్నానని కాదు, ఒప్పుకున్నానని అసలే కాదు. లోపల పని చేస్తున్న మనిషి, బయట తలుపు కొట్టినవాళ్లకు తలుపు తియ్యకుండానే చేసే చప్పుడు అది.

మగ్గం దిగిందంటే ఇంకో మనిషి. కాలు ఒక చోట నిలవదు, మాట ఒక చోట ఆగదు. ఉప్పు తెమ్మని పంపితే గాజులు వేయించుకుని వచ్చేది, ఉప్పు సంగతి అడిగితే నాలుక కరుచుకుని మళ్లీ పరుగు. ఆ పరుగులో తోవలో ఎవరో పెంచుతున్న కుందేళ్ల దగ్గర ఆగిపోయేది. బియ్యం ఏరుతూ ఏరుతూ లేచి చీర జాడించి, అది ఆరవెయ్యకముందే గోడకు సున్నం వెయ్యడం మొదలుపెట్టేది. ఆమె చెప్పుల జత ఒక్కనాడూ జతగా నేను చూడలేదు. చిటికెలో కోపం, చిటికెలో నవ్వు. నాకు జ్వరం వస్తే తల దగ్గర కూర్చుని తడి గుడ్డ వేసింది, ఆ గుడ్డ తడపడానికి లేచి వెళ్లి మళ్లీ రాలేదు. కానీ చెప్పొద్దూ, ఆ ఇంట్లో నన్ను చూసి నిజంగా సంబరపడ్డ మొదటి మనిషి ఆమే. "మరదలా, నీ చీరె అంచు మస్తుగున్నదే" అని కొంగు పట్టుకుని, ఆ అంచు చూస్తూ చూస్తూ నేను ఎదురుగా ఉన్న సంగతే మరిచిపోయింది.

ఇలాంటి మనిషికి అత్తవారిల్లు ఎలా నిలుస్తుంది? నేను రాకముందే షోలాపూర్ ఇచ్చారు. అక్కడా మగ్గాలే గానీ ఆడవాళ్లను మగ్గం ఎక్కనివ్వని ఇల్లు. కండెలు చుట్టమంటే సగం చుట్టి లేచేది, దారం చిక్కుపడేది. అన్నం మాడేది. పిలిస్తే పలకదు కాబట్టి చెవిటిదన్నారు. అత్తమ్మ ఆమెను తీసుకొచ్చి దవాఖానలో చూపించింది. డాక్టరు వెనక నిలబడి గుసగుసగా "నీ పేరేంది" అంటే, తన పేరు, తండ్రి పేరు చెప్పి, "సార్, మీ గోడ గడియారం ఆగిపోయింది" అని కూడా చెప్పిందట. చెవులు మంచిగున్నాయి, ఇది ఒట్టి పొగరు అని తేల్చి పంపించారు. ఆ మాట షోలాపూర్‌కు చేరింది. చెవిటిదంటే కొంచెం జాలన్నా ఉండేది, పొగరంటే ఇంకేముంటుంది? అయినా ఆమె భర్త ఒకసారి వచ్చి తీసుకుపోతానన్నాడు. కాజీపేట స్టేషన్‌లో రైలు ఎక్కాలి. ఈవిడ పైవంతెన మీద నిలబడి కింద పట్టాలు చూస్తూ ఉండిపోయింది. ఆడవాళ్ల డబ్బాలో ఎక్కి ఉంటుందనుకుని ఆయన మూటలతో సహా రైలెక్కి వెళ్లిపోయాడు. "నాతోటి రాబుద్ధిగాక కావాల్నని చేసింది" అని అక్కడి నుంచి కబురు పంపాడు. ఆ తర్వాత ఏడాదిలోపే ఇంకో పెళ్లి చేసుకున్నాడు. నేను ఒకసారి అడిగాను, నిజంగా పోబుద్ధి కాకనే ఆగిపోయావా వదినె అని. ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. "అయ్యో, పోదామనే అనుకున్న మరదలా. పట్టాలు ఒకదాంట్ల ఒకటి ఎట్ల కలుస్తన్నయో, మళ్ల ఎట్ల ఇడిపోతన్నయో చూస్తాన్న. బండి కూత ఇనవడనే లే."

పుట్టింటికి చేరిన బిడ్డను మగ్గం మీద కూర్చోబెట్టింది మామ. అదేదో గొప్ప ఆలోచన చేసి కాదు. ఏ పని చెప్పినా పాడవుతోంది, ఇదొక్కటి మిగిలింది, చూద్దామనుకున్నాడట. మామ తక్కువ మాటల మనిషి. ఆమె నేత చూసి కూడా ఎక్కువేం అనలేదు. కొట్టంలో వెలుగు బాగా పడే మగ్గాన్ని ఆమెకిచ్చి, తను చీకటి మూల మగ్గానికి మారాడు. నేను ఖాళీ దొరికినప్పుడల్లా గడపలో కూర్చుని ఆమె నేత చూసేదాన్ని. పడుగు అంటే నిలువు దారాలు, వాటి సందుల్లోంచి రంగు రంగుల పేక దారాలు వేళ్లతో దూర్చి, ఇనుప పంజాతో దబదబా కొట్టి బిగించాలి. మిగతావాళ్లు గీతలు గీసిన కాగితం ఎదురుగా పెట్టుకుని, చుక్క చుక్క చూసుకుంటూ నేసేవారు. ఈమెకు కాగితం లేదు. వేలు ఆగదు, కన్ను పక్కకు పోదు. ఉప్పు మరిచిన మనిషి, జడ మరిచిన మనిషి, కంచం ముందు కూర్చుని తిన్నదీ లేనిదీ మరిచిన మనిషి, ఈ కొస నుంచి ఆ కొసకు ఏ దారం దగ్గర ఏ రంగు మారాలో ఒక్కసారి కూడా తప్పేది కాదు. అప్పుడామె మొహం చూస్తే కొత్తగా నిద్ర లేచిన పిల్ల మొహంలా తేటగా ఉండేది. మనిషి మనిషంతా ఒక చోట ఉండడం అంటే ఏమిటో నేను మొదటిసారి అక్కడ చూశాను. పూజ గదిలో కూర్చున్నప్పుడు నా మనసు పొయ్యి మీది పప్పు దగ్గర ఉంటుంది, నాకు తెలుసు కదా.

పొద్దు గూకి దారం రంగు కనిపించనప్పుడు గానీ లేచేది కాదు. లేచి, గడపలోంచి ఆకాశం చూసి, రోజూ కొత్తగా ఆశ్చర్యపోయేది. "అప్పుడే పొద్దుగూకిందా?"

ఒకసారి అడిగాను, అన్ని గంటలు ఎలా కూర్చుంటావు వదినె, విసుగురాదా అని. పొయ్యి ముందు కూర్చుని ఉన్నాం. ఆ రోజు ఎందుకో ఆమె మాట కుదురుగా సాగింది. "నా నెత్తిల ఎప్పటికీ అంగడే, మరదలా. అందరు ఒక్కపారే మొత్తుకుంటరు. ఎవల మాట ఇనాల్నో సమజ్ కాదు. మగ్గం మీద కూసున్ననంటె అందరు గమ్మునైతరు, ఒక్కలే మాట్లాడుతరు. గా ఒక్కల మాట ఇనుకుంట పోతాంటె ఎంత సుకమో నీకేం ఎర్క." పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "గా గుంట లేకపోతె నేను ఆగమైత" అంది. పొయ్యి మీది పాలు పొంగాయి. ఆమె ఎదురుగానే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. వదిన మగ్గం మీద పెద్ద షత్రంజీ ఒకటి సగానికి వచ్చింది. కొట్టం పెంకుల్లోంచి జెర్రిపోతు ఒకటి, బారెడు పాము, దబ్బున కిందపడింది. రెండో మగ్గం మీది మామ ఎగిరి గట్టుకెక్కాడు. నేను కేక పెట్టాను. ఎదురింటి పెద్దమ్మ చీపురుతో పరిగెత్తుకొచ్చింది. పాము అటూ ఇటూ కొట్టుకుని వదిన కాళ్లున్న గుంటలోకే జారింది. ఆమె పాదం మీంచి పాకి, రెండో వైపు ఎక్కి, గోడ కన్నంలోంచి వెళ్లిపోయింది. ఇంత జరుగుతుంటే, మేమంతా గొంతులు చించుకుంటుంటే, వదిన చేతిలో పంజా ఆగలేదు. ఎర్ర దారం అయిపోతే తెంపి నల్లది అందుకుంది. అందరం నోళ్లు తెరుచుకుని చూస్తుండగా ఎదురింటి పెద్దమ్మ చీపురు పక్కన పడేసి రెండు చేతులూ జోడించింది. "ఇది మనిషి గాదే! ఎల్లమ్మ తల్లి వచ్చి కూసున్నది. మనం గుడ్డోళ్లమైతిమి" అంది.

సాయంత్రానికి గల్లీ అంతా పాకింది. నవ్వకండి. అమ్మవారు మనుషుల మీదికి రావడం మాకు కొత్త కాదు. పూనకం వచ్చే శివసత్తులు మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లంటే నాకు అప్పుడూ ఇప్పుడూ గౌరవమే. ఆలోచిస్తే గల్లీ వాళ్లది పెద్ద తప్పు కూడా కాదు. పలకని మనిషిని డాక్టరు పొగరన్నాడు, మొగుడు మొండితనమన్నాడు, వీళ్లు మాత్రం దేవతన్నారు. మూడిట్లో ఇదే కదా మర్యాదైన మాట! అత్తమ్మ అయితే ఆ మాటను రెండు చేతులా పట్టుకుంది. ఇన్నేళ్లు బిడ్డను చూసి ఇది ఎందుకిలా పుట్టిందని లోపల్లోపల ఏడ్చిన తల్లి. ఇప్పుడు జవాబు దొరికింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ "నా బిడ్డ పొగరుబోతు గాదు, చెవిటిది గాదు. తల్లి ఏరుకున్న బిడ్డ" అంటూ ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటుంటే నాకూ కళ్లు చెమర్చాయి.

కష్టమల్లా తర్వాత వచ్చింది. అమ్మవారు కూర్చున్న మనిషి గుంటలో కూర్చోకూడదన్నారు పెద్దలు. నలుగురి కాళ్ల కింద ఉన్నట్టు అవుతుందట. వదినను మగ్గం మీంచి లేపి ముందుగదిలో పీట మీద కూర్చోబెట్టారు. మంగళవారం, శుక్రవారం ఆడవాళ్లు పసుపు, కుంకుమ, బెల్లం ముద్దలు పట్టుకుని వచ్చేవారు. బిడ్డ లగ్గం ఎప్పుడైతది, మొగుడు తాగుడు ఎప్పుడు మానుతడు అని అడిగేవారు. వాళ్లు వినివచ్చింది పాము పాకినా కదలని మనిషిని గురించి. చూస్తే పీట మీద ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేని మనిషి. చేతి గాజులు లెక్కపెట్టుకుంటుంది. అడిగేవాళ్ల మాట మధ్యలో "నీ రైక మీది పువ్వు కుట్టు తప్పున్నది" అంటుంది. బెల్లం చీమల వెంబడి లేచిపోతుంది. అమ్మవారు కోపంగా ఉందని వాళ్లు ఇంకొంచెం పసుపు పూసేవారు. ఇక మంగళ శుక్రవారాలు కాని రోజుల్లో మగ్గం ఎక్కుతానంటే అత్తమ్మ కొట్టానికి తాళం వేసింది, మామకు తప్ప తీసేది కాదు. వదిన నిద్రపోవడం మానేసింది. పొద్దస్తమానం ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. మాటలు ఎక్కువై, తర్వాత తక్కువై, తర్వాత దాదాపు ఆగిపోయాయి. సగంలో ఆగిన షత్రంజీని పూర్తిచెయ్యడానికి మామ ఒక నేతగాణ్ని పిలిపిస్తే, అతను మగ్గం ముందు చాలాసేపు కూర్చుని, "ఇది ఎటు వోతాందో నాకు తెల్వదు పెద్దాయనా" అని లేచిపోయాడు. మా ఆయనతో మొరపెట్టుకున్నాను. "అమ్మోరు సంగతి, అమ్మ సంగతి. రెండింటి నడుమ నన్ను దూరమంటవా" అన్నాడాయన. మొగవాళ్ల ధైర్యం ఎప్పుడూ అంతే.

అప్పుడే అత్తమ్మ ఇంకో నిర్ణయం తీసుకుంది. ఏటూరునాగారం వైపు నుంచి ఒక ముసలి శివసత్తి వస్తుంది, ఆమె చేత వదిన మెడలో గవ్వల దండ వేయించాలి. ఆ దండ పడితే ఇక బతికినన్నాళ్లూ తియ్యరు. పీటే ఇల్లు, పీటే పని. మగ్గం మాట మరిచిపోవలసిందే. వదినకు ఆ సంగతి చెబితే ఆమె ఊఁ అంది. ఆ ఊఁ నాకు తెలిసిన ఊఁ కాదు. లోపల మనిషి లేనట్టు ఉంది. నాకు భయమేసింది.

దండ వేసే మంగళవారం పొద్దున గల్లీ అంతా మా ముంగిట్లోనే ఉంది. డప్పులు మోగుతున్నాయి. వదిన మొహానికి పసుపు, నుదుట ఇంత కుంకుమ బొట్టు, చేతిలో వేపకొమ్మ. శివసత్తి ముసలామె, ఎండిన మనిషి, జడలు కట్టిన జుట్టు, చల్లటి కళ్లు. వచ్చినప్పటి నుంచీ వదిననే చూస్తోంది. సరిగ్గా ఆ పొద్దునే ఎదురింటివాళ్లు గల్లీ పొడవునా పడుగు చాచి గంజి పెట్టారు. మా గల్లీలో లుంగీలు నేసేవాళ్ల పద్ధతి అది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నూలు పడుగును వెదురు కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, అది ఆరేలోపు పెద్ద కుంచెతో దువ్వుతూ పోవాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుని చెక్కలా అవుతాయి, ఇక ఆ నూలు ఎందుకూ పనికిరాదు. తీరా గంజి పెట్టాక డప్పు మోగేసరికి మగవాళ్లంతా కుంచె గట్టు మీద పెట్టి తమాషా చూడ్డానికి వచ్చేశారు. కాసేపే కదా అనుకున్నారు. పైన ఎండ మాడుస్తోంది.

శివసత్తి దండ చేతిలోకి తీసుకుంది. అప్పుడు నేను వదిన కళ్లు చూశాను. జనం తలల మీంచి వీధిలోకి చూస్తున్నాయవి. ఎన్నాళ్ల తర్వాతో ఆ కళ్లలోకి మనిషి తిరిగొచ్చింది. వేపకొమ్మ నా చేతిలో పెట్టి లేచింది. జనం భయంతో రెండు పాయలుగా చీలారు. అమ్మవారు కదా, ఎవరాపుతారు? నేరుగా పోయి కుంచె అందుకుని పడుగు దువ్వడం మొదలుపెట్టింది. పసుపు మొహంతో, జారిన కొంగుతో, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి. డప్పులవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. "తల్లీ, తల్లీ" అని అత్తమ్మ వెంటపడి పిలిచింది. ఏదీ వినబడలేదామెకు. అతుక్కున్న పోగుల దగ్గర ఆగి, వేలితో ఒక్కొక్కటీ విడదీసి, మళ్లీ దువ్వింది. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. జనమంతా గోడలకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు. పడుగు మొత్తం ఆరి, పోగుకు పోగు విడివడి, ఎండలో తళతళలాడేదాకా ఆమె తలెత్తలేదు. తలెత్తి మమ్మల్నందర్నీ చూసి, నవ్వి, "ఏంది, అందరు గిట్ల నిలవడ్డరు? పడుగు ఆగమైపోతాంటె ఒక్కలన్న చూడకపోతిరి!" అంది.

సరిగ్గా అప్పుడు మా ముంగిట్లోంచి కేక వినిపించింది. ముసలి శివసత్తికి పూనకం వచ్చింది. గవ్వల దండ చేతిలో ఊపుతూ, జుట్టు విరబోసుకుని అత్తమ్మ ముందుకు వచ్చి నిలబడింది. "నా బిడ్డను గుంటలకెల్లి లేపినోళ్లెవరే? పీట నేనడిగిన్నా? దండ నేనడిగిన్నా? దాని చేతి పని నాకు ముద్దు. దాన్ని మగ్గం మీద కూసుండవెట్టుండ్రి! అది కూసున్నప్పుడు పిలువకుండ్రి! పిలిచిన నోరు నాకు నచ్చది!" అత్తమ్మ బోరుమని ఆమె కాళ్ల మీద పడింది. "తప్పైంది తల్లీ, తప్పైంది" అంటూనే లేచి, నడుములోంచి తాళంచెవుల గుత్తి తీసి, అందరూ చూస్తుండగా కొట్టం తాళం తనే తీసింది.

అందరూ వెళ్లాక శివసత్తి వంటింటి గడపలో కూర్చుని మంచినీళ్లడిగింది. చెంబు అందించాను. మొహమంతా చెమట, మనిషి బాగా అలసిపోయింది. కొట్టంలోంచి పంజా చప్పుడు వినిపిస్తోంది. కాసేపు ఆ చప్పుడు విని, "నాకు తల్లి వస్తె నాకేం యాదుండది బిడ్డ. గామెకు ప్రతి పోగు యాదున్నది. గది ఏరే" అంది. చెంబు కిందపెట్టి, "పో, చాయ్ ఇచ్చిరాపో. పిలువకు. పక్కకు వెట్టిరా" అంది. ఆమెకు వచ్చింది నిజం పూనకమో, నా వదిన మీద జాలితో పెద్ద మనిషి తెలివిగా పన్నిన ఇగురమో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఎవరైతేనేం, ఆ తల్లికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. వదిన మగ్గం మీద ఉంటే పిలవకూడదు. తప్పనిసరైతే పోయి పక్కన కూర్చుని, నేసిన గుడ్డ మీద అరచెయ్యి ఆనించి ఊరుకోవాలి. కాసేపటికి ఆ బరువు ఆమెకు తెలిసేది. బావిలోంచి చేద పైకి వచ్చినట్టు మెల్లగా పైకి వచ్చేది, నవ్వు మొహంతో. ఈ కిటుకు కనిపెట్టింది ఎవరనుకున్నారు? అత్తమ్మ. ఏళ్ల తరబడి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్న తల్లి, చివరికి చెయ్యి పెట్టడం నేర్చుకుంది. అన్నం కూడా తనే ముద్దలు చేసి నోటికి అందించేది, వదిన నేస్తూనే తినేది. ఉప్పు తెమ్మని మాత్రం మళ్లీ ఎవరూ ఆమెను పంపలేదు.

సగంలో ఆగిన ఆ షత్రంజీ పూర్తయ్యాక గానీ అది ఏమిటో మాకు తెలియలేదు. కాజీపేట పైవంతెన మీంచి చూసిన పట్టాలు! నలుపు మీద ఎరుపు, బూడిద రంగు చారలు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ ఎక్కడో కలుస్తాయి. ఏ చారా మధ్యలో తెగిపోదు. ఆ రోజు రైలు తప్పిపోయిన మనిషి, కాపురమే తప్పిపోయిన మనిషి, ఆ పట్టాల్లో ఒక్కటి కూడా తప్పిపోనివ్వలేదు. మా షత్రంజీలు కొనే షావుకారు చూసి మురిసిపోయి, ఎంతకైనా కొంటానన్నాడు. "ఇది అమ్మేది గాదు" అన్నాడు మామ. ఆ తర్వాత ఆమె ఎన్నో నేసింది, ఎక్కడెక్కడికో పోయాయవి. చివరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు నా తల నిమిరి, కొత్తగా చూసినట్టు చూసి, "మరదలా, అప్పుడే నీ ఎంటికలు తెల్లవడ్డయా?" అంది. అదే ఆశ్చర్యం. సాయంత్రం మగ్గం దిగినట్టే అంది ఆ మాట.

శనివారం ఈ యాదిలో పడి నేనూ ఎంతసేపున్నానో తెలియలేదు. మావాడు నిజంగానే బీరువా తాళంచెవి పట్టుకుని ముందుగదిలోకి బయలుదేరాడు. "ఆగురా" అని, మోకాళ్లు మొరాయిస్తున్నా వాడికన్నా ముందు పోయి, పిల్ల పక్కన షత్రంజీ మీద కూర్చున్నాను. పిలవలేదు. కాగితం కొస మీద అరచెయ్యి ఆనించి ఊరుకున్నాను. అప్పుడు చూశాను, అది ఇంటికొచ్చినప్పటి నుంచీ ఏం చేస్తోందో. షత్రంజీ అంచు దగ్గర ఆగిపోయిన మా వదిన పట్టాలకు, ఒక్కొక్క చారకూ సరిగ్గా ఆనించి, నీలం కాగితపు పట్టీలు అతికించుకుంటూ పోయింది. పట్టాలు అంచు దాటి, గచ్చు మీంచి, గడప దాకా వచ్చేశాయి. ఒక్కటీ తెగలేదు. మావాడు ఆ చివర కాగితం తొక్కబోయి, కాలు ఆపి, అలాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు ఆ పట్టాల మీద అగ్గిపెట్టెల రైలు నడిపినవాడే కదా. కాసేపటికి తాళంచెవి జేబులో వేసుకుని, దాని మీంచి జాగ్రత్తగా అడుగేసి వచ్చి, మా పక్కన కూర్చున్నాడు.

పిల్ల మెల్లగా తలెత్తింది. నన్ను చూసింది, తండ్రిని చూసింది, కిటికీ వైపు చూసింది. "అప్పుడే పొద్దుగూకిందా, నానమ్మా?" అంది. నేను జీవితమంతా గడియారం చూసుకుంటూ బతికినదాన్ని. నా గంటలన్నీ ఎటుపోయాయని ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మా వదిన ఒక్క గంటను కూడా గుర్తుపెట్టుకోలేదు. ఆమె గంటలన్నీ ఇదిగో, ఇక్కడే, మేం ముగ్గురం కూర్చున్న చోటే పరిచి ఉన్నాయి.